అయిదో పరుపు మీద కోడలు

నడుం నొప్పికి ఒకటే కారణం ఉంటుందని షాపు పెట్టిన రోజు నుంచీ మామయ్య నమ్మకం. కింద ఉన్న పరుపు. మెడ పట్టేసినా, మోకాలు లాగినా, రాత్రిళ్ళు నిద్ర రాకపోయినా ఆయన ముందు అడిగేది ఏ పరుపు మీద పడుకుంటున్నారనే. ఒకసారి పన్ను నొప్పితో దవడ పట్టుకుని ఒకాయన లోపలికి వచ్చాడు. మందుల షాపు ఎటు అని అడగడానికి వచ్చాడు పాపం. సింగిల్ పరుపు కొనుక్కుని వెళ్ళాడు.

ఆయన్ని కోడలు మామయ్యా అని పిలుస్తుంది కాబట్టి వీధిలో వాళ్ళూ అలాగే పిలవడం మొదలుపెట్టారు. కింద షాపు, పైన ఇల్లు. కొడుకు వ్యాను నడుపుతాడు, పరుపులు మోస్తాడు. అత్తయ్య పైనుంచి అందరినీ నడుపుతుంది.

షాపులో ఒక పద్ధతి ఉంది. వచ్చినవాళ్ళు చెప్పులు విడిచి పడుకోవాలి. నిలబడి బేరం చేస్తే మామయ్య మాట్లాడడు. మంచాలు వరసగా ఉంటాయి, గట్టి పరుపు గుమ్మం దగ్గర, మెత్తది గోడ దగ్గర. మనిషి వెల్లకిలా పడుకున్నాక మామయ్య అరచెయ్యి నడుం కిందకి దూరుస్తాడు. చెయ్యి సులువుగా దూరిందా, పరుపు గట్టి. అసలు దూరలేదా, మెత్తన. పట్టీ పట్టనట్టు దూరిందా, అది వాళ్ళ పరుపు. ఇందులో వాదన లేదు.

కోడలు వచ్చాక ఈ పద్ధతికి ఒక ప్రదర్శన తోడైంది. కళ్ళు మూసుకుని పడుకుంటే కింద ఏముందో ఆమె చెప్పేస్తుంది. పీచా, దూదా, ఫోమా, స్ప్రింగులా, పైపొర ఎంత, కింది పొర ఎంత. మామయ్య అన్నిటి మీదా ఒకే రకం దుప్పటి పరిచి, పరుపులు అటూ ఇటూ మార్చి, కొనడానికి వచ్చినవాళ్ళ ముందు ఆమెను పడుకోమనేవాడు. ఆమె ఎప్పుడూ తప్పలేదు. ఎదురుగా ఉన్న టైలరు తప్పిస్తానని పందెం కట్టి రెండు పరుపుల మధ్య తన కత్తెర పెట్టాడు. పరుపు పేరు చెప్పి, కత్తెర మొన ఎటు ఉందో కూడా చెప్పింది.

ఎనిమిదో నెల వచ్చినా ఆమె మానలేదు. వెల్లకిలా బదులు పక్కకి తిరిగి పడుకునేది. నిండు మనిషిని షోకేసులో పెట్టారని అత్తయ్య మెట్ల మీద నుంచి తిట్టేది. అదీ ప్రచారమేనని మామయ్య ఊరుకునేవాడు. గర్భిణికి పనికొచ్చిన పరుపు ఎవరికి పనికిరాదు అన్నది ఆయన లెక్క.

ఆ రోజు భోజనాలయ్యాక షాపులో ఎవరూ లేరు. కొడుకు డబుల్ పరుపు ఒకటి లిఫ్టు లేని మేడ పైకి చేర్చడానికి వెళ్ళాడు. కోడలు దిండుకి గలేబు తొడుగుతోంది. వీపు మధ్యలో, రెండు రెక్కల నడుమ, ఎవరో గుద్దినట్టయింది. నిజంగానే వెనక్కి తిరిగి చూసింది. ఎవరూ లేరు. మామయ్య గల్లా దగ్గర పేపరు చదువుకుంటున్నాడు. ఆ నొప్పి అక్కడే ఆగలేదు. పక్కటెముకల చుట్టూ బెల్టు బిగించినట్టు ముందుకు వచ్చింది. దిండు కింద పడేసి మంచం కోడు పట్టుకుంది.

మామయ్య పేపరు దించి, రాత్రి ఏ పరుపు మీద పడుకున్నావమ్మా అని అడిగాడు.

ఆయన ఇచ్చిన పరుపు మీదే పడుకుంది. ఆ జవాబు ఆయనకు నచ్చలేదు. సరుకు మీద మచ్చ పడుతుంది. నెలలు నిండేకొద్దీ పరుపు మార్చాలన్న సంగతి తనకు ముందే తట్టాల్సిందని తనను తాను తప్పుపట్టుకుని, ఆమెను గుమ్మం దగ్గర మంచం ఎక్కించాడు. కోడలి నడుం కింద మామగారు చెయ్యి పెట్టలేడు కదా. పై నుంచి అత్తయ్యను పిలిచాడు. ఆమె చెయ్యి పెట్టాలి, ఎలా దూరిందో చెప్పాలి, ఆయన తీర్పు ఇవ్వాలి. అత్తయ్య వచ్చి, అది పరుపు కాదు పాడూ కాదు, లోపల పిల్లో పిల్లాడో కాలు ఎత్తి పక్కటెముకలో పెట్టి ఉంటారని తేల్చింది. వీళ్ళ నాన్న కడుపులో ఉన్నప్పుడు తననూ అలాగే తన్నాడని, ఇప్పటికీ ఆ బుద్ధి పోలేదని చెప్పింది. చెబుతూనే చెయ్యి పెట్టింది.

మొదటి పరుపు గట్టి అన్నారు. రెండో దానికి మార్చారు. నొప్పి తగ్గలేదు. మూడోది స్ప్రింగులది. దాని మీద ఇంకా పెరిగింది. కోడలు పళ్ళు బిగబట్టి ఆసుపత్రికి పోదామంది. మామయ్య వద్దనలేదు. వ్యాను రావాలి కదా, వచ్చేలోపు ఇది చూద్దామన్నాడు. అత్తయ్య కొడుక్కి ఫోను చేసింది. అతను మూడో అంతస్తు మలుపులో పరుపు కింద ఉన్నాడు, ఎత్తలేదు.

నాలుగో పరుపు మీద కాళ్ళు తిమ్మిరెక్కుతున్నాయంది. రక్తం ఆడుతోందన్నాడు మామయ్య. ఆ మాట ఆయన నోటి నుంచి చాలామంది విన్నారు, విని పరుపు కొన్నారు. నాలుగు నుంచి అయిదుకి ఆమె తనంతట తాను దిగలేకపోయింది. మామయ్యా అత్తయ్యా చెరో పక్క పట్టుకుని మార్చారు. అయిదోది గోడ దగ్గరిది, అన్నిటిలోకీ మెత్తన. దాని మీద పడుకున్నాక ఆమె మూలగడం ఆపింది. కాళ్ళెలా ఉన్నాయని అత్తయ్య అడిగితే, నొప్పి లేదు, తిమ్మిరీ లేదు, ఏమీ లేదు అంది.

మామయ్య భార్య వంక చూశాడు. ముప్ఫై ఏళ్ళ సంసారంలో ఆ చూపు ఆమెకు కొత్త కాదు. చెప్పానా అని దాని అర్థం.

కోడలు అలవాటు కొద్దీ కళ్ళు మూసుకుంది. భుజం కింద ఫోము, నొక్కితే నెమ్మదిగా పైకి లేచే రకం. వీపు కింద అదే. పక్కటెముకల దాకా అదే. ఆ తర్వాత వెతికింది. ఫోము లేదు. స్ప్రింగు లేదు. మంచం చెక్క కూడా లేదు. కుట్టినవాడు పరుపు అక్కడికి ఆపేసి ఇంటికి పోయినట్టుంది.

"మామయ్యా, ఈ పరుపు సగమేనా?"

నిండు పరుపే, మూడు పొరలు, అని ఆయన పొరల పేర్లు మొదలుపెట్టాడు. ఇది కూడా ప్రదర్శనే అనుకున్నాడు.

"వీపు సగం దాకా చెప్పగలను. ఆ కింద ఏముందో నాకు తెలియట్లేదు."

ఆ షాపులో ఆమె ఆ మాట అనడం అదే మొదలు. మామయ్యకు ముందు వచ్చిన అనుమానం పరుపు మీదే. ఆమె కాళ్ళ పక్కన చేత్తో నొక్కి చూశాడు. పరుపు బాగానే ఉంది. అత్తయ్య ఆయన్ని జరిపి, కోడలి తొడ మీద గిల్లింది. కొడుకు చిన్నప్పుడు బడికి పోనంటే వాడిన గిల్లుడు అది. కోడలు ఎదురుగా గోడకున్న క్యాలెండరు చూస్తోంది. అత్తయ్య రెండో తొడ మీద గిల్లింది, ఇంకాస్త మెలిపెట్టి. కోడలు తల తిప్పి, ఏంటత్తయ్యా వెతుకుతున్నారు అని అడిగింది.

అత్తయ్య లేచి వీధిలోకి వెళ్ళింది. అప్పుడే మలుపు తిరుగుతున్న వ్యానుకి అడ్డంగా నిలబడింది.

పరుపుతో సహా ఎక్కించారు. అది మామయ్య ఆలోచనే, ఆ రోజు ఆయనకు వచ్చిన వాటిలో పనికొచ్చింది అదొక్కటే. టైలరూ, చెప్పుల షాపాయనా చెరో మూల పట్టారు. వ్యాను వెనక అత్తయ్య, కోడలు. ముందు తండ్రీ కొడుకులు. ఎంత సేపయిందని కొడుకు అడిగితే తండ్రి అయిదు పరుపులు అన్నాడు.

గేటు దగ్గర గార్డు వ్యాను మీద పరుపు బొమ్మ చూసి, సరుకు వెనక గేటు నుంచి దించాలన్నాడు. సరుకు లేచి కూర్చోలేదు కాబట్టి ముందు గేటే తెరవమని అత్తయ్య చెప్పింది.

అత్యవసర విభాగంలో ఉన్న డాక్టరు కుర్రవాడు. ఎన్నో నెల, నీరు పోయిందా, రక్తం కనపడిందా అని అడిగాడు. ఈ నెలల్లో నడుం నొప్పి మామూలేనని, పొట్ట బరువుకి నరం నొక్కుకుని తిమ్మిరి రావచ్చని అన్నాడు. గిల్లి చూడమంది అత్తయ్య. అతను మర్యాదగా గిల్లాడు. అలాక్కాదు అని ఆమె చెయ్యి చాచింది. అతను ఆమెను ఆపి సూది తెచ్చుకున్నాడు. పాదం దగ్గర మొదలుపెట్టి పైకి గుచ్చుకుంటూ వచ్చాడు. పిక్క, మోకాలు, తొడ, పొట్ట. రొమ్ముల కిందకు వచ్చేసరికి కోడలు అబ్బా అంది. రెండో పక్కా అంతే, అదే గీత. కాళ్ళు ఎత్తమన్నాడు. ఎత్తుతున్నానంది ఆమె. అవి లేవలేదు. మధ్యాహ్నం నుంచి ఒంటికి వెళ్ళారా అని అడిగాడు. గుర్తులేదంది. గొట్టం వేస్తే సంచి నిండింది. ఆమెకు ఆ సంగతీ తెలియలేదు.

కుర్ర డాక్టరు ఇక పొట్ట బరువు గురించి మాట్లాడలేదు. ఫోను దగ్గరికి నడిచి వెళ్ళాలో పరిగెత్తాలో తేల్చుకోలేక రెండూ చేశాడు.

ముందు వచ్చింది కాన్పుల డాక్టరు. పొట్టకి బెల్టు కట్టి, మెషిన్లో బిడ్డ గుండె వినిపించింది. బిడ్డ బాగుందంది. అంతే, ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకున్నారు. మామయ్య టీ ఎక్కడ దొరుకుతుందని నర్సును అడిగాడు కూడా. మనం చూడాల్సింది బిడ్డ సంగతి కాదండీ, తల్లి సంగతి అంది డాక్టరు. టీ ఆగిపోయింది.

వెన్నుకి స్కానింగు తీయాలన్నారు. అది ఎక్స్-రే లాంటిది కాదు, అయస్కాంతంతో పని చేస్తుంది, బిడ్డకి ఏమీ కాదు, రంగు మందు కూడా ఎక్కించం అని చెప్పి తీసుకెళ్ళారు. మెషిన్లోకి పంపే ముందు కోడలు తన పొట్ట చూసుకుంది. ఎడమ పక్క ఉబ్బి, జారి, కుడికి పోయింది. బిడ్డ తిరుగుతోంది. కళ్ళకి కనపడుతోంది. కడుపుకి తెలియట్లేదు. అప్పటిదాకా ఏడవని మనిషి అప్పుడు ఏడ్చింది. స్కానింగు అబ్బాయి కదలొద్దన్నాడు. కదిలేదాన్నయితే ఇక్కడికెందుకు వస్తానంది.

వెన్నెముక సర్జను ఫిల్ము వెలుతురులో పెట్టి చూపించాడు. వెన్నులో ఎముకలతో కట్టిన గొట్టం ఉంటుంది, అందులోంచి వెన్నుపాము దిగుతుంది, దాని మీద ఒక తొడుగు. ఆ తొడుగుకి బయట, ఎముకకి లోపల, సన్న రక్తనాళం ఏదో తెగింది. రక్తం గడ్డకట్టింది. గొట్టంలో చోటు లేదు. గడ్డ వెళ్ళి పామును నొక్కుతోంది. అక్కణ్ణుంచి కిందికి కబురు పోవడం లేదు, కింది నుంచి పైకి రావడం లేదు. ఆయన వేలు పెట్టిన చోట తెల్లటి దారం లాంటిది ఒక పక్కకి ఒరిగి ఉంది.

ఎందుకు తెగింది అని అందరూ అడిగారు. కారణం లేదన్నాడు. దెబ్బ తగల్లేదు, రక్తం పలచబడే మందులు వాడలేదు, గడ్డకట్టే పరీక్షలు సరిగ్గానే ఉన్నాయి. గర్భంతో ఉన్నప్పుడు నాళాల్లో ఒత్తిడి పెరుగుతుంది, అది కావచ్చు, కాకపోనూ వచ్చు. ఎప్పుడో ఒకరికి ఇలా తనంతట తానే అవుతుంది.

ఈ జవాబు ఎవరికీ ఆనలేదు. కారణం లేకపోతే తిట్టడానికి మనిషి దొరకడు. నిన్న పొద్దున గట్టిగా తుమ్మిందని అత్తయ్య గుర్తు చేసుకుంది. పోయిన వారం స్పీడు బ్రేకరు చూసుకోలేదని కొడుకు ఒప్పుకున్నాడు. వేరే ఊళ్ళో ఉన్న కోడలి తల్లి ఫోనులో, కడుపుతో ఉన్నదాన్ని షాపులో సరుకులా పరిచారు, ఇంకేం కావాలి కారణం అంది. మామయ్య మాత్రం సర్జను చెయ్యి కడుక్కోవడానికి వెళ్తుంటే వెనకే వెళ్ళాడు.

పరుపులు మార్చడం వల్ల అయిందా అని అడిగాడు. కాదన్నాడు సర్జను.

"అయితే ఏ పరుపు వల్లా కాదా?"

"ఏ పరుపు వల్లా కాదు. కానీ మొదటి పరుపు మీద ఉండగానే తెచ్చి ఉంటే మనకి కాస్త టైము మిగిలేది."

మామయ్య తల ఊపాడు. తన వల్ల కాలేదన్నందుకు గుండె కుదుటపడింది. రెండో మాటకి మళ్ళీ చెదిరింది. ఇక పరుపుతో సంబంధం లేని వెన్ను నొప్పి ఒకటి లోకంలో ఉందన్న సంగతి ఆయనకు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

గడ్డ తీసేయాలి, ఈ సాయంత్రమే తీయాలి. నొక్కుడు ఎంతసేపు ఉంటే కాళ్ళు అంత దూరం పోతాయి, రేపటికి వెనక్కి పిలిచినా రావు. సర్జను చెప్పింది ఇంతే. బిడ్డ ఉండగా ఎలా అన్నది ప్రశ్న. వరండాలో కుటుంబం సమావేశమయింది. ముందు బిడ్డను బయటికి తీసి, తర్వాత వీపు సంగతి చూడమంది అత్తయ్య. ఊపిరితిత్తులకి ఇంజెక్షన్లు ఉంటాయట, అవి పని చేసేదాకా రెండు రోజులు ఆగమంది ఫోనులో తల్లి. ఎవరిని ముందు కాపాడతారు, తల్లినా బిడ్డనా అని కొడుకు గొంతు వణికిస్తూ అడిగాడు. అలా అడగాలని సినిమాల్లో చూశాడు. ఇద్దరినీ కాపాడదామనే మేం ఇంత చదువు చదివామంది కాన్పుల డాక్టరు.

ఆమె ఆలోచన వేరు. లోపల బిడ్డ బాగుంది. ఇప్పుడు బయటికి తీస్తే నెల తక్కువ బిడ్డ, దానికి తోడు ఆ ఆపరేషన్లో పోయే రక్తం, పోయే టైము. అందుకని ముందు వెన్ను. ఆపరేషన్ జరుగుతున్నంత సేపూ తాను బిడ్డ గుండె వింటూ పక్కనే ఉంటుంది. గుండె తగ్గితే అక్కడికక్కడే బిడ్డను తీస్తుంది, పిల్లల డాక్టరు కూడా గదిలోనే ఉంటాడు. ఊపిరితిత్తుల ఇంజెక్షను ఎలాగూ ఇప్పుడే ఇచ్చేస్తారు. అత్తయ్య ఒప్పుకోలేదు. వెన్ను మీద కత్తి పెడుతుంటే కడుపులో బిడ్డ నిమ్మళంగా ఎలా ఉంటుందని వాదించింది. ఫోనులో తల్లి ఆమెతో ఏకీభవించింది. పెళ్ళయినప్పటి నుంచి వియ్యపురాళ్ళిద్దరూ ఒక మాట మీదకి రావడం ఇదే.

ఇదంతా తెర పక్కన నడుస్తోంది. తెర వెనక మంచం మీద కోడలు ఉంది. ఆమెను ఎవరూ అడగలేదు.

"బావా, ఆ తెర తీయి."

మొగుడు తీశాడు. ఆమె సర్జనునే చూసి అడిగింది.

"ఇప్పుడు చేస్తే కాళ్ళు వస్తాయా?"

"చెప్పలేనమ్మా. చేయకపోతే మాత్రం రావు."

"అయితే చేయండి. బిడ్డ లోపలే ఉండనీండి, దానికేం తొందర లేదు. తొందరంతా బయట ఉన్నవాళ్ళకే. ఏడాది తిరిగాక దాని వెనక పరిగెత్తాల్సింది నేను."

మేం లేమా పరిగెత్తడానికి అంది అత్తయ్య.

"మీరు మన మెట్లు ఎక్కడానికే మధ్యలో కూర్చుంటారత్తయ్యా. నా కాళ్ళు నాకు కావాలి."

అత్తయ్య కోడలి జుట్టు ముడి సరిచేసింది. ఫోనులో తల్లి ఇంకా మాట్లాడుతోంది. ఆ ఫోనుని టేబులు మీద బోర్లా పెట్టారు.

వెన్ను ఆపరేషను మామూలుగా మనిషిని బోర్లా పడుకోబెట్టి చేస్తారు. ఈమెను పక్కకి తిప్పి చేస్తామని సర్జను చెప్పాడు. మామయ్య ఆ మాట పట్టుకున్నాడు. పొట్ట పట్టేలా మధ్యలో గుండ్రంగా కోసిన ఫోము తెచ్చిస్తానని, బోర్లాయే పడుకోబెట్టుకోవచ్చని, షాపులో కత్తి ఉందని, వ్యాను బయటే ఉందని చెప్పాడు. మా దగ్గర దిళ్ళున్నాయండీ, మీరెళ్ళి టీ తాగండి అన్నాడు సర్జను. ఆమెను తోసుకెళ్తుంటే మామయ్య పక్కన నడుస్తూ బండి మీది పరుపుని వేలితో నొక్కాడు. అట్ట, అన్నాడు. తలుపు మూసుకుంది.

లోపల ఏం జరిగిందో తర్వాత కాన్పుల డాక్టరు చెప్పింది. ఎడమ పక్కకి తిప్పి, దిళ్ళు సర్ది, పొట్టకి బెల్టు కట్టారు. సర్జను వెన్ను వెనక ఎముక కప్పు తీశాడు. కింద గడ్డ, నల్ల ద్రాక్ష తొక్కల్లా. కొంచెం కొంచెంగా పీల్చారు. మధ్యలో ఒకసారి బిడ్డ గుండె తగ్గింది. తాను చేతులకి గ్లవ్స్ వేసుకుంది. పిల్లల డాక్టరు లేచి నిలబడ్డాడు. మత్తు డాక్టరు టేబుల్ని కాస్త వంచి, తల్లి రక్తపోటు పెంచింది. గుండె తిరిగి అందుకుంది. గ్లవ్స్ విప్పేసింది. ఒరిగి ఉన్న వెన్నుపాము మెల్లగా తన చోటికి వచ్చిందని, అది చూడటానికి సర్జను కూడా చెయ్యి ఆపాడని చెప్పింది.

బయటికి వచ్చిన సర్జనుని కొడుకు కాళ్ళు వచ్చాయా అని అడిగాడు. ఎక్కడికీ పోలేదు, అక్కడే ఉన్నాయి, మనకి దారి తెరిచాం, కబురు ఎప్పుడు వస్తుందో చూడాలి అన్నాడు. ఎంత వరకు వస్తుందని అడిగితే భుజం తట్టాడు. భుజం తట్టడం జవాబు కాదని కొడుక్కి తెలుసు.

మర్నాడు ఏమీ రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. సర్జను రోజూ వచ్చి పాదం నుంచి పైకి సూదితో గుచ్చి చూశాడు. గీత కాస్త కిందికి దిగిందన్నాడు. కోడలు నమ్మలేదు, మర్యాదకి అంటున్నాడనుకుంది. కుటుంబం మంచం చుట్టూ కూర్చుని ఆమె కాళ్ళ వంక చూడకుండా ఉండటానికి తంటాలు పడింది. మామయ్య షాపు తెరిచాడు గానీ ఎవరినీ పడుకోబెట్టడం లేదని టైలరు వచ్చి చెప్పాడు. నడుం నొప్పి అని వచ్చిన ఒకావిడని, కాళ్ళు తెలుస్తున్నాయా అమ్మా అని అడిగి, డాక్టరు దగ్గరికి పొమ్మన్నాడట. ఆవిడ పక్క వీధి షాపులో కొనుక్కుందట.

ఆ తర్వాత ఒక మధ్యాహ్నం కోడలు కళ్ళు మూసుకుని ఉంది. అత్తయ్య గదిలో ఉంది.

"అత్తయ్యా, ఇక పిసికింది చాలు. చేతులు నొప్పెడతాయి."

జవాబు లేదు. కళ్ళు తెరిచింది. అత్తయ్య కిటికీ దగ్గర కుర్చీలో కునుకు తీస్తోంది. కాళ్ళ దగ్గర ఎవరూ లేరు. రక్తం గడ్డకట్టకుండా పిక్కలకి గాలి సంచులు చుట్టారు, అవి మెషినుతో వంతుల వారీగా ఉబ్బుతాయి, తగ్గుతాయి. మొదటి రోజు నుంచీ ఉన్నాయి. కుడి కాలిది ఉబ్బింది. ఆమెకు తెలిసింది. తగ్గింది. అదీ తెలిసింది.

అత్తయ్యను లేపితే ముందు నమ్మలేదు. కాలి దగ్గరికి వచ్చి, వేళ్ళు కలిపి, గిల్లడానికి సిద్ధపడింది. అంతకన్నా ముందే కోడలు బొటనవేలు కదిలింది. అది భయపడి కదిలిందని ఆ తర్వాత ఆసుపత్రి అంతా చెప్పుకున్నారు. అత్తయ్యే చెప్పింది.

కుడి కాలు రోజుకి కొంత చొప్పున వచ్చింది. ముందు మంటలు, తర్వాత సూదులు, తర్వాత కాలు. గీత పొట్ట దాటి దిగిన రోజు బిడ్డ తన్నింది, ఆమెకు తగిలింది. ఇన్నాళ్ళూ ఏం చేశావే అని దాన్ని తిట్టింది. గంట సేపు తిట్టింది. ఫోనులో ఎవరినో తిడుతోందనుకుని నర్సు వచ్చి గొంతు తగ్గించమంది.

ఎడమ కాలు కదిలేది, మాట వినేది, కానీ ఎక్కడ ఉందో చెప్పేది కాదు. వ్యాయామాల గదిలో రెండు కమ్మీల మధ్య ఆమెను నిలబెట్టారు. అలాంటివాళ్ళు కళ్ళతో పాదాన్ని చూసుకుంటూ అడుగు వేస్తారని ఫిజియో అమ్మాయి చెప్పింది. ఈమె కిందికి చూస్తే కనిపించేది పొట్ట. ఎదురుగా అద్దం పెట్టారు. అద్దంలో ఎడమ ఏదో కుడి ఏదో తికమకపడి తిట్లు లంకించుకుంది. వీల్ చైర్ చాలని, ఇంతవరకు వచ్చిందే ఎక్కువని, ఇక తన వల్ల కాదని అంది.

మొగుడు నేల మీద బోర్లా పడుకున్నాడు. చెంప నేలకి ఆనించి ఆమె పాదం వంక చూశాడు.

"రానీ... రానీ... కొంచెం కుడికి కొట్టు. రానీ. చాలు."

వ్యాను వెనక్కి తీసేటప్పుడు వాళ్ళ నాన్న అతనికి అలాగే చెబుతాడు. ఆమె కాలు పెట్టింది. పడలేదు. మళ్ళీ రానీ అన్నాడు. మళ్ళీ పెట్టింది. అవతలి చివరికి వెళ్ళేసరికి చేతికట్టు ఉన్నవాడూ, మోకాలు మార్పించుకున్న ముసలాయనా పక్కన నిలబడి చూస్తున్నారు. మర్నాడు మామయ్య కూడా వచ్చి రెండో పక్క పడుకున్నాడు. రానీ అని తండ్రి, ఆగు అని కొడుకు ఒకేసారి అన్నారు. ఆమె ఒక కాలి మీద ఊగుతూ, ఎవరో ఒకరే చెప్పండి, లేకపోతే ఇద్దరి మీదా పడతాను అంది. మామయ్య లేచి గోడకి ఆనుకున్నాడు. అక్కడి నుంచి పెదాలతో రానీ అంటూనే ఉన్నాడు.

ఇలా కొన్నాళ్ళు సాగింది. కాన్పు దగ్గరకొచ్చింది. ఆపరేషన్ చేసే బిడ్డను తీస్తామని, ఈలోగా ఎంత నడిస్తే అంత మంచిదని డాక్టర్లు చెప్పారు. ఎడమ కాలి గురించి సర్జను చెప్పడం మానేశాడు. ఆయన్ని అడగడం వీళ్ళూ మానేశారు.

ఒక రోజు మొగుడు రాత్రంతా నిద్ర లేకుండా వచ్చాడు. నేల మీద పడుకుని, రెండు రానీలు అని, మూడోది అనడం మరిచిపోయాడు. ఒక చెయ్యి కమ్మీల మధ్యకి చాచి ఉంది. ఆమె పిలుపు కోసం ఆగింది. పిలుపు రాలేదు. పొట్ట అడ్డం, ఏమీ కనపడదు. విసుగొచ్చి ఎడమ పాదం దించింది. దించి, ఆగింది.

"బావా, నీ చెయ్యి తీయి."

అతను తల ఎత్తాడు. పాదం అతని వేళ్ళ మీద ఆని ఉంది, బరువు ఇంకా పడలేదు. ఎలా తెలిసింది అన్నాడు.

"ఉంగరం గుచ్చుకుంటోంది."

"ఏ వేలికుంది?"

ఆమె పాదాన్ని కాస్త అటూ ఇటూ ఆనించింది.

"చిటికెన వేలు పక్కది. ఇక తీయి."

అతను తీయలేదు. ఫిజియో అమ్మాయి వచ్చి, చెయ్యి తీయండి సార్, ఆవిడ బరువు వేయాలి అంది. అప్పుడూ తీయలేదు. గోడ దగ్గర మామయ్య, వేయనీవమ్మా, వాడికేం కాదు అన్నాడు.

ఆమె బరువు వేసింది.